జర్మనీ మాంద్యంలో మన ఉద్యోగాలు: వెళ్ళేముందు, ఉన్నప్పుడు, ఊడినప్పుడు (తరచుగా అడిగే ప్రశ్నలు)

2023, 2024లో వరుసగా రెండేళ్ళు జర్మనీ ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. 2025 ఆగస్టులో అక్కడి నిరుద్యోగుల సంఖ్య పదేళ్ళ తర్వాత మళ్ళీ 30 లక్షలు దాటింది. అదే దేశం 2024 అక్టోబరులో, భారతీయ నిపుణులకిచ్చే వీసాలను ఏడాదికి 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ప్రకటించింది. ఈ రెండు వార్తలూ పక్కపక్కనే చదివినవాళ్ళ సందేహాలు వారం వారం అవే వస్తుండటంతో జవాబులు ఒకచోట పెట్టాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. జీతాల పరిమితులు ఏటా జనవరి 1న మారతాయి. ఇక్కడ ఇచ్చినవి 2026వి.

## వెళ్ళేముందు

అక్కడే లేఆఫ్‌లు నడుస్తున్నాయి కదా, ఇప్పుడు వెళ్ళడం తెలివైన పనేనా?

మీరు ఏ రంగమో దాన్ని బట్టి ఉంటుంది. కోతలు ఎక్కువగా కార్లు, వాటి విడిభాగాలు, యంత్రాలు, రసాయనాల పరిశ్రమల్లో ఉన్నాయి. 2030 నాటికి 35 వేలకు పైగా ఉద్యోగాలు తగ్గించడానికి ఫోక్స్‌వాగన్ 2024 డిసెంబరులో యూనియన్‌తో ఒప్పందం చేసుకుంది. బాష్ 2025 సెప్టెంబరులో మరో 13 వేలు ప్రకటించింది. కారు సాఫ్ట్‌వేర్, ఎంబెడెడ్ పనుల మీద వెళ్ళే మన ఇంజనీర్లకు ఈ దెబ్బ నేరుగా తగులుతుంది. నర్సులు, వృద్ధుల సంరక్షణ, ఎలక్ట్రీషియన్లు, డాక్టర్ల కొరత మాత్రం మాంద్యంలోనూ తీరలేదు. చేతిలో ఆఫర్ ఉంటే ఆ కంపెనీ ఏ పరిశ్రమకు పని చేస్తుందో చూసుకోండి. ఆఫర్ లేకుండా, జర్మన్ రాకుండా, రెండు మూడేళ్ళ ఐటీ అనుభవంతో వెతుక్కుందామని వెళ్ళడానికి మాత్రం ఇది మంచి సమయం కాదు.

ఆపర్చునిటీ కార్డుతో వెళ్ళి అక్కడే ఉద్యోగం వెతుక్కోవచ్చంటున్నారు. ఎంత డబ్బు చూపించాలి, ఎన్నాళ్ళు ఉండనిస్తారు?

జర్మన్‌లో దీని పేరు షాన్సెన్‌కార్టె. 2024 జూన్ 1న మొదలైంది. ఒక ఏడాది వరకు ఉండొచ్చు. వారానికి 20 గంటలు పార్ట్‌టైమ్ చేసుకోవచ్చు, ఒక్కో సంస్థలో రెండు వారాలు ప్రయోగాత్మకంగా పనిచేయవచ్చు. ఖర్చులకు నెలకు 1,091 యూరోల చొప్పున, ఏడాదికి 13,092 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలనెలా కొంత మాత్రమే తీసుకోగల ఖాతా) చూపాలి.

చాలామంది ఆరు పాయింట్ల లెక్కతో తల బద్దలు కొట్టుకుంటారు. మీ డిగ్రీ జర్మన్ డిగ్రీకి సమానమని తేలితే ఆ లెక్కే అక్కర్లేదు, నిపుణుల కింద నేరుగా ఇస్తారు. తేలకపోతే పాయింట్లు కావాలి. వయసు 35 లోపైతే 2, గత ఏడేళ్ళలో ఐదేళ్ళ అనుభవానికి 3, జర్మన్ బీ1 స్థాయికి 2, బీ2కి 3 (భాషా స్థాయిలు ఏ1 నుంచి సీ2 వరకు ఉంటాయి).

ఏడాది అంటే చాలా ఉన్నట్టు కనిపిస్తుంది. ఇల్లు దొరకడం, రిజిస్ట్రేషన్, బ్యాంకు ఖాతా, రెండు మూడు దశల ఇంటర్వ్యూలు కలిస్తే సగం ఏడాది ఇట్టే కరిగిపోతుంది. కోతల కాలంలో బీ1 పూర్తి చేయకుండా ఈ కార్డు మీద వెళ్ళొద్దనే మా సలహా.

మా కాలేజీ పేరు అనాబిన్‌లో కనిపించడం లేదు. డిగ్రీ చెల్లదా?

అనాబిన్ అంటే విదేశీ విశ్వవిద్యాలయాలు, డిగ్రీల గుర్తింపు చూపే జర్మన్ ఆన్‌లైన్ జాబితా. అందులో కాలేజీ పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. పట్టా మీద సంతకం ఎవరిదో ఆ విశ్వవిద్యాలయం పేరుతో వెతకండి. అనుబంధ కాలేజీల్లో చదివినవాళ్ళు ఇక్కడే పొరబడతారు. రెండు విషయాలు చూడాలి. విశ్వవిద్యాలయానికి హెచ్ ప్లస్ గుర్తు ఉండాలి, మీ డిగ్రీ రకం కూడా జర్మన్ డిగ్రీకి సమానమని ఆ జాబితాలో ఉండాలి. రెండూ ఉంటే ఆ పేజీలు ప్రింట్ తీసి దరఖాస్తుకు జతచేస్తే చాలు. ఏ ఒక్కటి లేకపోయినా విదేశీ డిగ్రీలను అంచనా వేసే జెడ్‌ఏబీ (ZAB) అనే సంస్థ నుంచి సమానత్వ ధ్రువపత్రం తీసుకోవాలి, రుసుము 208 యూరోలు.

బ్లూ కార్డుకి జీతం ఎంత ఉండాలి?

బ్లూ కార్డు అంటే విదేశీ నిపుణులకిచ్చే ఈయూ నివాస, పని అనుమతి. దానికి 2026లో ఏడాదికి స్థూల జీతం 50,700 యూరోలు. ఐటీ, ఇంజనీరింగ్, వైద్యం లాంటి కొరత వృత్తులకు, చదువు ముగిసి మూడేళ్ళు దాటనివాళ్ళకు 45,934.20 యూరోలు. డిగ్రీ లేని ఐటీవాళ్ళకు కూడా ఈ తక్కువ పరిమితి వర్తిస్తుంది, కానీ గత ఏడేళ్ళలో మూడేళ్ళు డిగ్రీ స్థాయి పని చేసినట్టు రుజువు ఉండాలి.

ఒక జాగ్రత్త. ఆఫర్‌లో జీతం సరిగ్గా పరిమితి దగ్గర ఆపి, మిగతాది బోనస్ అంటే ఒప్పుకోకండి. వస్తుందో రాదో తెలియని బోనస్‌ను లెక్కలోకి తీసుకోరు. వ్యాపారం పడిపోయిన ఏడాది మొదట ఎగిరిపోయేదీ అదే.

నేను స్టాఫ్ నర్సుని. దిగగానే నర్సుగానే చేర్చుకుంటారా?

సాధారణంగా చేర్చుకోరు. జీఎన్‌ఎం అయినా బీఎస్సీ నర్సింగ్ అయినా ముందు ఆ రాష్ట్ర అధికారులు మీ సిలబస్ గంటలను తమ కోర్సుతో పోల్చి, ఏం తక్కువైందో రాసిన లోటు పత్రం ఇస్తారు. ఆ లోటు తీర్చడానికి రెండు దారులు. ఆసుపత్రిలోనే పనిచేస్తూ చేసే సర్దుబాటు శిక్షణ ఒకటి, కెంట్‌నిస్‌ప్రూఫుంగ్ అనే పరీక్ష ఇంకొకటి. పరీక్ష తప్పితే మళ్ళీ రాయడానికి ఒక్కటే అవకాశం. గుర్తింపు వచ్చేదాకా మీరు సహాయకురాలి హోదాలో, తక్కువ జీతంతో ఉంటారు. వెళ్ళడానికి చాలాచోట్ల బీ1 చాలు, పూర్తి గుర్తింపుకి సాధారణంగా బీ2 అడుగుతారు.

ఆలస్యాలు ఎక్కువగా జరిగేది సిలబస్ కాగితాల దగ్గరే. సబ్జెక్టువారీగా థియరీ ఎన్ని గంటలు, వార్డు డ్యూటీ ఎన్ని గంటలు అని మీ నర్సింగ్ స్కూల్ లెటర్‌హెడ్ మీద రాయించి, స్టాంపు వేయించుకోండి. అక్కడికి వెళ్ళాక ఇక్కడి ఆఫీసు చుట్టూ అమ్మానాన్నలను తిప్పడం కంటే బయలుదేరకముందే రెండు కాపీలు తీసుకోవడం నయం. సంతకం చేసే ఒప్పందంలో, మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలన్న షరతు ఉందా, ఎంత, ఎన్నేళ్ళు అన్నది తప్పకుండా చదవండి.

ఏజెంటు నాలుగు లక్షలు అడుగుతున్నాడు. సబబేనా?

కాదు. భారత ప్రభుత్వం దగ్గర రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు సేవా రుసుముగా గరిష్ఠంగా 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూసుకోండి. జర్మన్ క్లాసులు, అనువాదాలు, పరీక్ష రుసుములు వేరే ఖర్చులు, వాటికి విడివిడి రసీదులు రావాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్ ప్రభుత్వ సంస్థలు, ముందు అక్కడ అడగండి.

మాంద్యం ముదిరితే విదేశీయులందర్నీ పంపించేస్తారా?

జర్మనీ ఇంతకుముందు తలుపులు వేసిన సందర్భాలున్నాయి. చమురు సంక్షోభం వేళ 1973 నవంబరులో విదేశీ కార్మికుల నియామకాన్ని ఒక్కసారిగా ఆపేసింది. అప్పటికి అక్కడ దాదాపు 26 లక్షల మంది విదేశీ కార్మికులున్నారు. వాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోతారనుకున్నారు. వెళ్తే మళ్ళీ రానివ్వరన్న భయంతో చాలామంది, ముఖ్యంగా టర్కీ వాళ్ళు, వెళ్ళకపోగా భార్యాపిల్లల్ని తెచ్చుకున్నారు. తాత్కాలికం అనుకున్న వలస అలా శాశ్వతమైంది.

మనకు దగ్గరి ఉదాహరణ 2000 ఆగస్టులో మొదలైన జర్మన్ గ్రీన్ కార్డు. 20 వేల మంది ఐటీ నిపుణులకు, గరిష్ఠంగా ఐదేళ్ళకు అనుమతి. ఆ వెంటనే డాట్‌కామ్ బుడగ పేలింది. కార్డు ఉద్యోగంతో ముడిపడి ఉండటంతో, పని పోయినవాళ్ళలో చాలామంది మూటాముల్లె సర్దుకోవాల్సి వచ్చింది. ఇప్పటి చట్టం దానికంటే మెరుగు. నిరుద్యోగ భీమా, వెతుక్కోవడానికి గడువు, రెండేళ్ళలోనే శాశ్వత నివాసం అన్నీ ఉన్నాయి. అయితే ప్రతిదానికీ ఒక తేదీ ఉంది, ఆ తేదీ దాటితే హక్కు కూడా పోతుంది.

## దిగిన తొలి నెలల్లో

మొదటి రెండు వారాల్లో చేయాల్సిన పని ఏంటి?

ఇంట్లో దిగిన 14 రోజుల్లో ఆన్మెల్డుంగ్, అంటే చిరునామా నమోదు. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన ధ్రువపత్రం కావాలి. అద్దె ఒప్పందం ఒక్కటి చాలదు. అది ఇవ్వనన్న ఇంట్లో దిగొద్దు, ఎంత చవకైనా సరే. ట్యాక్స్ ఐడీ ఆ చిరునామాకే పోస్టులో వస్తుంది.

ఇంకో చిన్న పని, చాలామంది మరిచిపోయేది: పోస్టు డబ్బా మీద మీ పేరు. పాస్‌పోర్టులో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా అతికించండి. పేరు లేని డబ్బాలో పోస్ట్‌మన్ ఉత్తరం వేయడు. జర్మనీలో ఉద్యోగం, వీసా, కోర్టు అన్నీ ఆ డబ్బాలోనే పడతాయి. పసుపు కవరు వస్తే దాని మీద పోస్ట్‌మన్ చేత్తో రాసిన తేదీ ఉంటుంది. గడువు లెక్క ఆ తేదీ నుంచే, కాబట్టి కవరు పారేయకండి.

మా ఆఫీసులో అంతా ఇంగ్లిషే. జర్మన్ నేర్చుకోవడం అవసరమా?

పని నడుస్తున్నంతకాలం లేకున్నా గడుస్తుంది. ఉద్యోగం పోయిన రోజున, ఇంగ్లిష్‌లో మాత్రమే నడిచే కంపెనీలకు మీతో పాటు యూరప్ అంతా దరఖాస్తు చేస్తుంది. జర్మన్ వచ్చినవాళ్ళకు చిన్న ఊళ్ళలోని మధ్యస్థాయి కంపెనీలు కూడా తెరుచుకుంటాయి, అక్కడ పోటీ తక్కువ. ఖర్చు తక్కువలో కావాలంటే ఊరి ఫోల్క్స్‌హోక్‌షూలెలో, అంటే వయోజన విద్యా కేంద్రంలో, సాయంత్రం తరగతులుంటాయి. ప్రభుత్వ ఇంటిగ్రేషన్ కోర్సు 600 గంటల భాష, 100 గంటల సమాజ పరిచయంతో బీ1 దాకా తీసుకెళ్తుంది. బయలుదేరేముందు హైదరాబాద్‌లోని గోథే సెంట్రుమ్‌లో ఏ2 వరకు ముగించుకుంటే, అక్కడ ఉద్యోగం చేస్తూ బీ1కి చేరడం అలవిగాని పని కాదు.

ప్రొబేషన్‌లో తీసేస్తే ఏమీ చేయలేమా?

ప్రొబేషన్ గరిష్ఠంగా ఆరు నెలలు, నోటీసు రెండు వారాలు. కారణం చెప్పనక్కర్లేదు. కోతలప్పుడు కంపెనీలు ముందు ఈ జాబితానే తెరుస్తాయి. గర్భిణులను మాత్రం ప్రొబేషన్‌లో కూడా తీసేయకూడదు. తీసేసిన తర్వాతైనా రెండు వారాల్లో గర్భం సంగతి రాతపూర్వకంగా తెలిపితే రక్షణ వర్తిస్తుంది. మారిన కొత్తలో కనీసం మూడు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకోండి, హైదరాబాద్ ఫ్లాట్ ఈఎంఐ కూడా అందులో కలిపి.

వచ్చి ఏడు నెలలే అయింది. కంపెనీ మారొచ్చా?

బ్లూ కార్డు మీద మారొచ్చు. మొదటి 12 నెలల్లో మారితే, నివాస అనుమతులు చూసే ఫారినర్స్ ఆఫీసుకు ముందే చెప్పాలి. వాళ్ళు 30 రోజుల వరకు ఆపి పరిశీలించవచ్చు, షరతులు కుదరకపోతే కాదనవచ్చు. 12 నెలలు దాటితే ఆ అడ్డు లేదు. బ్లూ కార్డు కాకుండా వేరే నివాస అనుమతి ఉంటే, కార్డుతో ఇచ్చిన అనుబంధ కాగితం మీద పాత కంపెనీ పేరు ఉందేమో చూడండి. ఉంటే కొత్త అనుమతి వచ్చేదాకా చేరకూడదు.

## కంపెనీలో గుసగుసలు మొదలయ్యాక

కుర్ట్స్‌ఆర్బైట్ అంటున్నారు. జీతం తగ్గితే వీసా పోతుందా?

ఆర్డర్లు లేనప్పుడు మనుషుల్ని తీసేయకుండా పని గంటలు తగ్గించే పద్ధతి ఇది. నికర జీతంలో ఎంత తగ్గిందో ఆ మొత్తంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం ప్రభుత్వ ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీ భరిస్తుంది. ఉద్యోగం తెగదు, ఒప్పందంలో రాసిన జీతం మారదు. అంతమాత్రాన వీసా పోదు. ఒప్పందాన్నే మార్చి తక్కువ జీతానికి సంతకం పెట్టమంటే అది వేరే సంగతి. బ్లూ కార్డు పరిమితి కిందికి దిగుతుందేమో చూసుకోకుండా పెట్టొద్దు.

హెచ్‌ఆర్ పిలిచి, ఈ కాగితం మీద సంతకం చేస్తే మూడు నెలల జీతం ఇస్తామంది. చేయాలా?

ఆ గదిలో చేయకండి. ఆ కాగితం పేరు ఆఫ్‌హేబుంగ్స్‌ఫెర్ట్రాగ్, అంటే ఇద్దరం ఇష్టపూర్వకంగా విడిపోతున్నామని ఒప్పుకోవడం. సంతకం పెట్టాక మనసు మార్చుకుందామంటే సాధారణంగా దారి లేదు. మీ ఇష్టంతో వదిలేసినట్టు అవుతుంది కాబట్టి నిరుద్యోగ భృతి 12 వారాలు ఆపేస్తారు. దీన్ని ష్పెర్‌త్సైట్ అంటారు. ఆ వారాలు తర్వాత ఇస్తారనుకునేరు, ఇవ్వరు. మొత్తం భృతి కాలంలో కనీసం పావు వంతు కోసేస్తారు.

మూడు నెలల జీతం అన్న మాట వినగానే లెక్క వేయండి. నోటీసు కాలమే మూడు నెలలుంటే, పనిచేసినా చేయకపోయినా ఆ డబ్బు ఎలాగూ మీదే. అంటే కంపెనీ మీకు కొత్తగా ఇచ్చేదేమీ లేదు. చెప్పాల్సిన మాట ఒక్కటే: «ఇంటికి తీసుకెళ్ళి చదివి చెబుతాను.» ఇవ్వనంటే అదే అనుమానించాల్సిన సంగతి.

తర్వాత ఈ నాలుగూ చూడండి. చివరి తేదీ నోటీసు కాలం కంటే ముందుకు జరిగిందా, పరిహారం ఎంత, మిగిలిన సెలవులకు డబ్బు ఉందా, ట్సోయ్గ్‌నిస్‌లో, అంటే కంపెనీ ఇచ్చే అనుభవ పత్రంలో, ఏ స్థాయి పొగడ్త ఉంటుందో రాశారా. ఫెయిరె ఇంటెగ్రాట్సియోన్ అనే సలహా కేంద్రాలు 16 రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, వలస కార్మికులకు ఉచితం.

మెయిల్‌లో టెర్మినేషన్ వచ్చింది. అది చెల్లుతుందా?

చెల్లదు. జర్మన్ సివిల్ కోడ్ 623వ సెక్షన్ ప్రకారం ఉద్యోగం తీసేయాలంటే కాగితం మీద, సిరా సంతకంతో ఉండాలి. మెయిల్, వాట్సాప్, స్కాన్ చేసిన పీడీఎఫ్ ఏదీ పనికిరాదు. అలాగని మెయిల్ వచ్చాక నిమ్మకు నీరెత్తినట్టు కూర్చోవద్దు, అసలు ఉత్తరం వెనకాలే వస్తుంది.

ఆ ఉత్తరం మీ డబ్బాలో పడ్డ రోజు నుంచి మూడు వారాల్లో లేబర్ కోర్టులో కేసు వేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా, తప్పుడు టెర్మినేషన్ కూడా సరైనదైపోతుంది. మీరు విజయవాడలో చెల్లి పెళ్ళిలో ఉన్నా గడియారం ఆగదు. అందుకే ఊరెళ్ళేటప్పుడు డబ్బా తాళం స్నేహితుడికి ఇచ్చి, ఉత్తరాలు ఫొటో తీసి పంపమనండి. లాయరు లేకపోయినా కోర్టులోనే ఒక కౌంటరు ఉంటుంది, నోటితో చెబితే వాళ్ళే రాసుకుంటారు. మొదటి కోర్టులో గెలిచినా ఓడినా ఎవరి లాయరు ఖర్చు వారిదే. లీగల్ ఇన్సూరెన్స్, యూనియన్ సభ్యత్వం రెండింటికీ సాధారణంగా మూడు నెలల నిరీక్షణ ఉంటుంది, కాబట్టి గుసగుసలు వినిపించకముందే తీసుకోవాలి.

కొత్తగా వచ్చినవాళ్ళనే ముందు తీసేస్తారా?

పది మందికి మించి ఉద్యోగులున్న సంస్థలో, మీరు చేరి ఆరు నెలలు దాటితే, కంపెనీ తనకు నచ్చినట్టు పేర్లు ఎంచుకోలేదు. ఒకే పని చేసేవాళ్ళలో సర్వీసు కాలం, వయసు, పోషించాల్సినవాళ్ళు, తీవ్ర వైకల్యం అనే నాలుగింటిని తూచాలి. వయసు తక్కువ, సర్వీసు తక్కువ కాబట్టి మనవాళ్ళు మొదటి రెండింటిలో వెనకబడతారు. మూడోది మనకు కలిసొచ్చేది. కానీ భార్యాపిల్లలు ఇండియాలో ఉంటే కంపెనీ రికార్డులో మీరు ఒంటరిగానే కనిపిస్తారు. వివాహ, జనన ధ్రువపత్రాల అనువాదాలు హెచ్‌ఆర్‌కు ముందే ఇచ్చి ఉంచండి. వర్క్స్ కౌన్సిల్ (ఉద్యోగులు ఎన్నుకున్న ప్రతినిధుల మండలి) ఉన్న కంపెనీలో దాని అభిప్రాయం అడగకుండా తీసేస్తే ఆ తొలగింపు చెల్లదు.

పరిహారం ఎంత వస్తుంది?

ప్రతి ఒక్కరికీ ఇచ్చి తీరాలన్న చట్టం లేదు. బేరాల్లో వాడుక, పనిచేసిన ఏడాదికి సగం నెల స్థూల జీతం. మూడేళ్ళు చేస్తే నెలన్నర జీతం అన్నమాట. కేసు వేశాక జరిగే మొదటి రాజీ విచారణలో ఎక్కువ బేరాలు తెగుతాయి.

## ఉద్యోగం పోయాక

మొదటి వారంలో ఏం చేయాలి? బుర్ర పనిచేయడం లేదు.

మూడు పనులు చేయాలి, ఏ ఒక్కటీ ఇంకోదానికి బదులు కాదు.

పోతుందని తెలిసిన మూడు రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ ఏజెన్సీలో «ఉద్యోగం వెతుకుతున్నాను» అని నమోదు. చివరి రోజు మూడు నెలలకంటే దూరంగా ఉంటే, ఆ మూడు నెలల హద్దు దాటేలోపు. ఆలస్యమైతే ఒక వారం భృతి పోతుంది. రెండోది, ఉద్యోగం లేని మొదటి రోజున «నిరుద్యోగిని» అని మళ్ళీ నమోదు. స్వయంగా వెళ్ళొచ్చు, లేదా రెసిడెన్స్ కార్డులోని ఆన్‌లైన్ ఐడీతో చేయొచ్చు. ఈ రెండూ ఒకటే అనుకుని రెండోది వదిలేసేవాళ్ళు చాలామంది, నమోదు చేసిన రోజు నుంచే డబ్బు లెక్క. మూడోది, ఉద్యోగం ముందే ముగుస్తోందని తెలిసిన రెండు వారాల్లో ఫారినర్స్ ఆఫీసుకు తెలపాలి. కంపెనీ కూడా విడిగా చెబుతుంది కాబట్టి దాచి లాభం లేదు.

వీసా ఎన్నాళ్ళు ఉంటుంది?

అమెరికా హెచ్-1బీలా 60 రోజుల లెక్క కాదు. ఈయూ నిబంధన ప్రకారం, బ్లూ కార్డు వచ్చి రెండేళ్ళు కాకపోతే మొత్తం మూడు నెలల నిరుద్యోగం వరకు, రెండేళ్ళు దాటితే ఆరు నెలల వరకు ఆ ఒక్క కారణంతో కార్డు రద్దు చేయకూడదు. ఫారినర్స్ ఆఫీసు కార్డు గడువును కుదిస్తూ ఉత్తరం పంపవచ్చు. దానికి జవాబుగా దరఖాస్తుల జాబితా, ఇంటర్వ్యూ పిలుపులు, భృతి మంజూరు పత్రం, అద్దె కట్టిన రుజువు పంపండి. కార్డు గడువు దగ్గరపడితే ముగియకముందే పొడిగింపుకి దరఖాస్తు పెట్టండి. అది పెండింగ్‌లో ఉన్నంతకాలం పాత అనుమతి కొనసాగుతున్నట్టే లెక్క, దానికి ఒక తాత్కాలిక ధ్రువపత్రం ఇస్తారు.

నిరుద్యోగ భృతి తీసుకుంటే రికార్డు పాడవుతుందా? ఎంత వస్తుంది?

పాడవదు. అది మీరు నెలనెలా కట్టిన భీమా. గత 30 నెలల్లో కనీసం 12 నెలలు కట్టి ఉండాలి. నికర జీతంలో 60 శాతం, పిల్లలుంటే 67 శాతం. 12 నెలలు కట్టినవారికి 6 నెలలు, 16కి 8, 20కి 10, 24కి 12 నెలలు ఇస్తారు. పది నెలలే పనిచేస్తే పైసా రాదు. కాబట్టి వీలైతే చివరి తేదీని 12 నెలలు నిండేలా బేరమాడండి.

ప్రభుత్వం ఇచ్చే సంక్షేమ సాయం వేరు. అది తీసుకుంటే మీ పోషణ మీరు చూసుకోలేకపోతున్నారని ఫారినర్స్ ఆఫీసు లెక్కిస్తుంది. పొడిగింపు చిక్కుల్లో పడుతుంది. మన గ్రూపుల్లో ఈ రెండింటినీ కలిపేసి భయపెట్టేవాళ్ళ వల్ల, హక్కుగా రావాల్సిన భృతిని కూడా కొందరు వదులుకుంటున్నారు.

ఎలాగూ ఖాళీయే కదా, రెండు నెలలు ఊరెళ్ళి రావచ్చా?

భృతి తీసుకుంటూ వెళ్ళకూడదు. ఏజెన్సీ ముందుగా ఒప్పుకుంటే ఏడాదికి మూడు వారాలు వెళ్ళొచ్చు. చెప్పకుండా వెళ్తే ఆ రోజుల డబ్బు వెనక్కి కట్టాలి. జర్మనీ బయట ఆరు నెలలు దాటితే మామూలు నివాస అనుమతి దానంతటదే రద్దవుతుంది, బ్లూ కార్డుకి ఆ హద్దు 12 నెలలు.

తక్కువ జీతానికి ఉద్యోగం దొరికింది, బ్లూ కార్డుకి సరిపోదు. వదులుకోవాలా?

వదులుకోకండి. డిగ్రీ గుర్తింపు ఉన్న నిపుణులకు ఇచ్చే మామూలు అనుమతికి మారొచ్చు. దానికి బ్లూ కార్డు జీతం అక్కర్లేదు, ఆ పనికి ఆ ఊళ్ళో ఇచ్చే జీతం ఇస్తే చాలు. 45 ఏళ్ళు దాటినవాళ్ళకు మొదటిసారి అనుమతి ఇచ్చేటప్పుడు వేరే కనీస జీతం ఉంటుంది. శాశ్వత నివాసానికి పట్టే కాలం పెరుగుతుంది, అంతే.

ట్సోయ్గ్‌నిస్‌లో అంతా మంచే రాశారు, అయినా ఇంటర్వ్యూ పిలుపు రావడం లేదు. ఎందుకు?

జర్మన్ అనుభవ పత్రం పొగడ్తలా కనిపించే మార్కుల చీటీ. చట్టం ప్రకారం చెడ్డగా రాయకూడదు కాబట్టి, మంచి మాటల్లోనే మెట్లు పెట్టుకున్నారు. «ష్టెట్స్ ట్సు ఉన్జెరర్ ఫోల్‌స్టెన్ ట్సుఫ్రీడెన్‌హైట్» అంటే అత్యుత్తమం. అందులో ఫోల్‌స్టెన్ బదులు ఫోలెన్ ఉంటే బాగు. ష్టెట్స్ కూడా పోతే మామూలు. ఉత్త «ట్సు ఉన్జెరర్ ట్సుఫ్రీడెన్‌హైట్» మిగిలితే అత్తెసరు. «ఎర్ హాట్ జిష్ బెమ్యూట్», ప్రయత్నించాడు అని ఉంటే, చేతకాలేదని చదువుకోవాలి. చివర్లో వెళ్ళిపోతున్నందుకు విచారం, కృతజ్ఞత, శుభాకాంక్షలు లేకపోయినా చదివేవాళ్ళు గమనిస్తారు.

మీ పత్రం ఇంగ్లిష్‌లోకి అనువదించుకుని మురిసిపోకుండా, జర్మన్ తెలిసిన పెద్దవాళ్ళకు చూపించండి. సవరించమని కంపెనీని అడగవచ్చు. ఇవ్వకపోతే లేబర్ కోర్టుకూ వెళ్ళొచ్చు.

హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారు?

భృతి వస్తున్నంతకాలం ఏజెన్సీ కడుతుంది. భృతి రాకపోతే ప్రభుత్వ భీమాలో స్వచ్ఛందంగా మీరే కట్టుకోవాలి, ఆదాయం లేకున్నా నెలకు 200 యూరోలకు పైనే. భార్యకో భర్తకో ఉద్యోగం ద్వారా ప్రభుత్వ భీమా ఉంటే వారి కింద ఉచితంగా చేరొచ్చు. ప్రైవేటు భీమాలో ఇంట్లో ఒక్కొక్కరికీ వేరే ప్రీమియం. జీతం బాగున్నప్పుడు చవకగా కనిపించే ఈ భీమా, జీతం ఆగినప్పుడు మెడకు చుట్టుకుంటుంది.

## పాతుకుపోవాలన్నా, తిరిగి రావాలన్నా

పీఆర్ ఎప్పుడొస్తుంది? మధ్యలో ఖాళీ వస్తే మొదటికొస్తుందా?

బ్లూ కార్డు మీద ఏ1 ఉంటే 27 నెలలకు, బీ1 ఉంటే 21 నెలలకు. మామూలు నిపుణుల అనుమతి మీద 36 నెలలకు, బీ1తో. ఉద్యోగం చేస్తూ పెన్షన్ కట్టిన నెలలనే లెక్కిస్తారు. ఖాళీ నెలలు కలవవు, అలాగని పాతవి చెరిగిపోవు. «లేబెన్ ఇన్ డాయిచ్‌లాండ్» పరీక్షలో 33 ప్రశ్నలకు 15 సరిగ్గా రాస్తే చాలు. 20 నెలలు నిండి కోతల పుకారు వినిపిస్తుంటే, బీ1 పరీక్ష తేదీ ఈ వారమే బుక్ చేసుకోండి.

నా భార్య పని చేయొచ్చా?

చేయొచ్చు, ఏ పనైనా, ఎన్ని గంటలైనా. బ్లూ కార్డువాళ్ళ జీవిత భాగస్వామికి వీసా కోసం జర్మన్ ఏ1 కూడా అడగరు. ఈ సడలింపే చాలామంది ఇళ్ళల్లో చిక్కు తెచ్చింది. భాష లేకుండా వచ్చి, అనుభవం ఉన్నా నాలుగైదేళ్ళు ఇంట్లోనే ఉండిపోయిన టీచర్లు, ఫార్మసిస్టులు మనవాళ్ళలో తక్కువేమీ కాదు. ఒక జీతం ఆగినప్పుడు ఇల్లు నిలబడేది రెండో జీతం మీద. క్లాసు రుసుములో ముందు ఆవిడ రుసుము కట్టండి.

మాస్టర్స్ జర్మనీలోనే చేశా. 18 నెలల్లో ఉద్యోగం రాకపోతే?

ఫలితం చేతికొచ్చిన రోజు నుంచి 18 నెలలు. ఈ కాలంలో గిడ్డంగైనా డెలివరీ అయినా ఎన్ని గంటలైనా చేయొచ్చు. కానీ ఆ పనుల మీద నిపుణుల అనుమతి రాదు. ఇంటి అప్పు తీరుతోందని డెలివరీలోనే ఏడాది గడిపేస్తే మిగిలే ఆరు నెలలు చాలవు. జీతం కాస్త తక్కువైనా చదువుకు తగ్గ హోదా ఉన్న ఒప్పందం దొరికితే పట్టుకోండి.

తిరిగి వచ్చేస్తున్నాం. కట్టిన పెన్షన్ డబ్బు పోయినట్టేనా?

పోదు. 60 నెలలు నిండితే పెన్షన్ హక్కు మీదే, ఇండియాలో ఉన్నా వయసొచ్చాక వస్తుంది. 2017 మే 1 నుంచి అమల్లో ఉన్న భారత-జర్మనీ ఒప్పందం వల్ల, అర్హత కోసం మన ఈపీఎఫ్‌ఓ కింద గడిపిన కాలాన్నీ కలిపి చూస్తారు. 60 నెలలు నిండకపోతే, ఈయూ వదిలి 24 నెలలు గడిచాక తిరిగి ఇవ్వమని అడగవచ్చు. వచ్చేది మీ వాటా, అంటే జీతంలో 9.3 శాతం మాత్రమే. కంపెనీ వాటా రాదు, వడ్డీ ఉండదు.

వచ్చేముందు చిరునామా రద్దు పత్రం అడిగి తీసుకోండి, పెన్షన్ దరఖాస్తుకీ బ్లాక్డ్ అకౌంట్‌కీ ఫోన్ ఒప్పందాలకీ అదే అడుగుతారు. ఉద్యోగం ఏడాది మధ్యలో పోయి ఉంటే ఆదాయపు పన్ను రిటర్ను వేయండి. పన్ను పన్నెండు నెలల జీతం లెక్కన కోసి ఉంటారు కాబట్టి వెనక్కి బాగానే వస్తుంది. భృతి 410 యూరోలు దాటి తీసుకుని ఉంటే రిటర్ను ఎలాగూ తప్పనిసరి. జర్మన్ బ్యాంకు ఖాతా ఆ డబ్బు వచ్చేదాకా మూయకండి.